ఆ ఫోటోలోని తెల్లజుట్టు

ఆరోరా, ఇల్లినాయ్
16 ఫిబ్రవరి 2025

పూజ్యులైన నాయన గారికి, అమ్మకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. మీరు, అమ్మ, అక్కవాళ్లు క్షేమమని తలుస్తాను. అక్క ఫోనులో నా ఫోటో చూసి అమ్మ రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదని తెలిసింది. ఇక్కడికీ అక్కడికీ పదకొండున్నర గంటల తేడా కనుక, ఫోను చేస్తే ఎవరో ఒకరు నిద్రమత్తులోనే ఉంటాము. అందుకే అంతా ఈ ఉత్తరంలో రాస్తున్నాను. ఆ ఫోటోలో నా జుట్టు నిజంగా నెరిసింది కాదమ్మా. కణతల దగ్గర వెంట్రుకలకు చిన్న బ్రష్షుతో తెల్లరంగు పూశారు, కళ్ల కింద ముడతలు పెన్సిలుతో గీశారు. తలకు పోసుకుంటే అంతా పోయింది. నాకు ఏ జబ్బూ లేదు, వేళకు తింటున్నాను. ఒక లఘుచిత్రంలో అరవై ఎనిమిదేళ్ల తండ్రి వేషం వేశాను.

ఉద్యోగం మామూలుగానే సాగుతోంది. మీరు అడగకముందే ఈ సంగతి కూడా చెప్పుకుంటాను. జనవరిలో మూడు వారాలపాటు శని, ఆదివారాల్లో మాత్రమే షూటింగుకు వెళ్లాను, ఆఫీసుకు ఒక్క పూట సెలవు పెట్టలేదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు విడిగా అనుమతి లేకుండా తన కంపెనీ దగ్గర తప్ప మరొకరి దగ్గర జీతం తీసుకోకూడదు కనుక ఒక్క డాలరు ముట్టలేదు, వాళ్లు పెట్టిన భోజనం తిని వచ్చాను. నాటకాల పిచ్చిలో పడి ఇంటర్మీడియట్ లెక్కల పరీక్ష పోగొట్టుకున్నవాణ్ణి కనుక మీ భయం నాకు అర్థమవుతుంది నాయనా. కానీ ఇది ఆనాటి పిచ్చి కాదు. ఇన్నేళ్లలో నేను మనసు పెట్టి చేసిన పని ఏదైనా ఉందంటే ఇదే, కనుక దీన్ని గురించి మీకు దాచి చెప్పలేను.

దర్శకుడు మన మదనపల్లె పిల్లవాడే, షికాగోలో సినిమా చదువుతున్నాడు. ఆస్కార్ వాళ్ల లెక్కలో నలభై నిమిషాలు దాటనిదంతా లఘుచిత్రమే అయినా, మాది 14 నిమిషాలే. కొడుకు ఇంటికి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన తండ్రి, ఇంట్లో అందరూ బయటికి వెళ్లిపోయాక సాయంత్రం వరకు ఒక్కడే ఎలా గడిపాడన్నదే కథ. కథ వినగానే నాకు ఎవరు గుర్తుకొచ్చి ఉంటారో మీకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ మాట అతనికి చెప్పలేదు, మీ కోడలికి కూడా చెప్పలేదు.

మొదటి రోజంతా నేను పాడుచేశాను. కిటికీ దగ్గర స్టీలు గ్లాసుతో నిలబడి, స్కూలు బస్సు కోసం చూసే సన్నివేశం అది. నేను నిట్టూర్చాను, కళ్లు తుడుచుకున్నాను, గోడకు తల ఆనించాను. ఆరుసార్లు తీశారు, ఆరుసార్లూ బాగాలేదు. టేక్ టేక్‌కూ గ్లాసులో కాఫీ మళ్లీ అదే గీత వరకు పోసేవాళ్లు, లేకపోతే ఒక షాటులో నిండుగా, తర్వాతి షాటులో సగానికి కనబడుతుందట. చివరికి ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "అన్నా, ఆయన బాధపడుతున్నాడని నువ్వు మాకు చూపించవద్దు. ఆయన బస్సు కోసం చూస్తున్నాడు, నువ్వూ బస్సు కోసమే చూడు" అన్నాడు.

అప్పుడు మీరు గుర్తుకొచ్చారు. మా ఇంట్లో ఆ కిటికీ దగ్గర మీరు రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, ఎడమ చేయి పైకెత్తి కిటికీ చట్రాన్ని పట్టుకుని నిలబడేవారు. కదలని ఇంట్లో అలా ఎందుకు నిలబడతారో అప్పట్లో నేను ఆలోచించలేదు. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన కండక్టరు, పైకడ్డీ పట్టుకుని నిలబడే తీరు అది. ఏడో టేకులో నేను అలాగే నిలబడ్డాను. ఏమీ చేయలేదు, వీధి చివర పసుపుపచ్చ బస్సు వస్తుందా అని చూశాను. కట్ చెప్పిన తర్వాత కూడా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సినిమాలో నాగయ్య గారిని చూసినప్పుడల్లా, గుంటూరు జిల్లాలో పుట్టినా ఆయన పేరుకు ముందు చిత్తూరు చేరిందని మీరు ఎంత గర్వంగా చెప్పేవారో, "చూడు, ఆయన అరవడు" అని ఎన్నిసార్లు అనేవారో, ఆ మాట నాకు ఇన్నాళ్లకు ఒంటపట్టింది.

ఇంకొక్క సంగతి రాయాలి. మన తెలుగు సినిమాల్లో మాదిరిగా తర్వాత డబ్బింగు చెప్పించడం మా చిత్రానికి లేదు, మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తారు. అందుకని షూటింగు జరిగినంతసేపూ ఫ్రిజ్జు ఆపేస్తారు. దాన్ని మళ్లీ వేయడం మరిచిపోతే ఆ ఇంటివాళ్ల పాలు, కూరగాయలు పాడైపోతాయి కనుక, శబ్దం చూసుకునే అబ్బాయి తన కారు తాళాలు తీసి ఫ్రిజ్జులో పెడతాడు. ఇంటికి వెళ్లాలంటే దాన్ని తెరవక తప్పదు. ఆఖరి రోజు మాత్రం, కథలో ఆ మోత అవసరమని చెప్పి, ఫ్రిజ్జు వేసి, ఒక నిమిషం పాటు ఎవరూ కదలకుండా నిలబడితే దాని మోత ఒక్కటే రికార్డు చేసుకున్నాడు. తొమ్మిది మందిమి చెప్పులు విడిచి ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. ఆ నిమిషం ఎంతకీ తరగలేదు.

2022లో మీరు ఇక్కడున్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నం నాకు ఫోను చేసి, "ఈ ఫ్రిజ్జు ఒక్కటే నాతో మాట్లాడుతోంది రా" అన్నారు. నేను మీటింగులో ఉన్నాను, నవ్వేసి పెట్టేశాను. బస్సు కదిలిన ప్రతిసారీ యాభై గొంతులు గోవిందా అంటే వింటూ బ్రతికిన మనిషిని తీసుకొచ్చి ఆరు నెలలు ఆ మోతలో కూర్చోబెట్టాను. ఇల్లు వెచ్చగా ఉంది, టీవీలో తెలుగు చానెళ్లు వస్తున్నాయి, నెలకొకసారి ఇక్కడి బాలాజీ గుడికి తీసుకెళ్తున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. మీరు ఒక్కనాడూ నన్ను తప్పు పట్టలేదు. నన్ను క్షమించండి.

చిన్నప్పుడు గంగమ్మ జాతరలో ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము సుద్ద పూసుకుని మీరు బైరాగి వేషం వేస్తే, గుర్తుపట్టక భయపడి ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇంటి దగ్గర బయలుదేరి అమ్మవారి గుడికి చేరేవరకు మీరు ఒక్క మాట మాట్లాడలేదు, నా ఏడుపు విని కూడా వెనక్కి తిరగలేదు. వేషం మీద ఉన్నవాడు ఇంటి మనిషి కాడని మీరు తర్వాత చెప్పారు. ఈ జనవరిలో రంగు పూసుకుని కూర్చున్న ప్రతి ఉదయమూ ఆ మాటే తలచుకున్నాను. కానీ నాకు ఇక్కడ అది తిరగబడింది. వేషం వేసుకున్నాకే నేను మన ఇంటి మనిషినయ్యాను.

మీ మోకాలి మందులు అయిపోవచ్చాయని అక్క చెప్పింది. డబ్బు పంపాను, పూర్తి నెలకు ఒకేసారి కొనిపించండి. చిన్నదాని తెలుగు బాగానే ఉంది, షూటింగు ఫోటో చూసి "ఇది తాత కదా" అంది. మీరు కిటికీ దగ్గర నిలబడి రోజూ స్కూలు బస్సులు లెక్కపెట్టేవారని, ఎన్ని పోయాయో తనకు చెప్పేవారని అదే నాకు చెప్పింది. ఆ సంగతి కూడా నాకు తెలియదు.

చిత్రం తయారు కాగానే అక్కకు పంపిస్తాను. ఫోనులో చూడవద్దు, బావగారితో టీవీకి పెట్టించుకుని, ఫ్యాను ఆపి, శబ్దం పెంచి చూడండి. ఆ మోత మీకు వినబడాలి. చూసిన తర్వాత అమ్మ చేత కాకుండా మీరే నాకు ఫోను చేయండి నాయనా. ఏ వేళైనా ఫరవాలేదు.

మీ పెద్దోడు