అంగన్‌వాడీల్లో చెత్త బండి ఆట ఆడించండి

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీలు పెట్టారంటే చాలు, మా వీధి చివర ఫ్యాన్సీ షాపులో థర్మాకోల్ షీట్లు, ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్లు, మెరుపు కాగితాలు సాయంత్రానికల్లా అయిపోతాయి. నాలుగేళ్ల పిల్లకి పోటీ అంటే ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అతికించేది వాళ్లమ్మే. పారేసేవాటితో పనికొచ్చే వస్తువు చెయ్యమంటే, కొత్త సామాన్లు కొనుక్కొచ్చి, మర్నాడు బడిలో చూపించి, వారం తిరక్కుండానే చెత్తలో వేస్తున్నాం. పైగా అలంకరణకి వాడే థర్మాకోల్‌ని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. కనీసం చిన్న తరగతుల వరకైనా ఈ పోటీలు ఆపెయ్యాలని నా మనవి. వాటి బదులు ఏం చెయ్యొచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పిల్లలకి ఆటపాటలతోనే నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగా చెప్పింది. చెత్త విషయం వచ్చేసరికి మాత్రం మనం స్లోగన్లు బట్టీ పట్టిస్తున్నాం. రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ అని స్టేజి మీద ముద్దుముద్దుగా చెప్పిన పిల్లాడు కిందికి దిగగానే చాక్లెట్ కవరు అక్కడే పడేస్తాడు. తప్పు వాడిది కాదు, ఆ మూడు మాటలకీ తన చేతిలో ఉన్న కవరుకీ సంబంధం ఉందని వాడికి ఎవరూ చూపించలేదు. కొన్ని బడుల్లో నోరు తెరుచుకున్న పెంగ్విన్ బుట్టలు పెడతారు చూడండి, పిల్లలు సరదాపడి అందులో వేస్తారు, నిజమే, కానీ అరటి తొక్కా నీళ్ల సీసా అన్నీ ఆ ఒక్క నోట్లోకే వెళ్తాయి. అంటే అన్నీ కలిపి పడెయ్యడమే అలవాటు చేస్తున్నాం.

మా ఇంటి పక్కనే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. తీరిక దొరికితే వెళ్లి పిల్లలతో కూర్చుంటాను. అక్కడ టీచరమ్మా ఆయమ్మా కలిసి ఆడించే ఆట ఒకటి అందరికీ తెలియాలి. దానికి పైసా ఖర్చు లేదు, సామానంతా ఆ కేంద్రంలోనే రోజూ పోగవుతుంది: కోడిగుడ్డు పెంకులు, కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు, ఖాళీ కవర్లు. కడగాల్సినవి కడిగి ఆరబెట్టి, అన్నీ ఒక గోనెసంచి మీద పోస్తారు. ఒక పిల్లాడు డ్రైవరు, ఇంకో పిల్ల హెల్పరు. వీపు మీద కట్టిన అట్టపెట్టే బండి, దానికి రెండు అరలు, తడి చెత్తకి ఆకుపచ్చ, పొడి చెత్తకి నీలం. మన ఊళ్లలో చెత్త బండి మైకులో పాట వేసుకుంటూ వస్తుంది కదా, ఆ పాట పిల్లలందరికీ నోటికొచ్చు, కాబట్టి పాడుకుంటూ బండి బయల్దేరుతుంది. మిగతావాళ్లు వాళ్ల వాళ్ల ‘ఇళ్ల’ ముందు నిలబడి చేతిలో వస్తువుని సరైన అరలో వెయ్యాలి. తప్పు అరలో వేస్తే బండి కదలదు. అవుటవడం లేదు, ఏడుపు లేదు, అందరూ కలిసి ఎక్కడ వెయ్యాలో తేల్చుకునేదాకా బండి ఆగుతుంది, అంతే.

ఒకసారి ఒక పిల్ల పాల ప్యాకెట్ పట్టుకుని, “మామ్మా, ఇది తడిగానే ఉంది కదా, మరి తడి బుట్టలో ఎందుకు వెయ్యకూడదు?” అని నన్నే అడిగింది. పెద్దవాళ్లు కూడా తికమకపడే ప్రశ్నే. ఇంకో పిల్లాడు ఎండుటాకు పొడి బుట్టలో వేస్తానని పట్టుబట్టాడు. ఆయమ్మ ఒక్కటే అడిగింది, “మట్టిలో పెడితే మట్టైపోయేది ఏది, అట్లాగే ఉండేది ఏది?” అని. ఆ తర్వాత పిల్లలు తడీ పొడీ మాట వదిలేసి ప్రతి వస్తువునీ పట్టుకుని “ఇది మట్టవుద్దా, అవ్వదా” అని వాదించుకోవడం మొదలెట్టారు. నమ్మకం కుదరనివాళ్ల కోసం పెరట్లో రెండు పూలకుండీలు ఉన్నాయి, ఒకదాంట్లో అరటి తొక్క, ఇంకోదాంట్లో బిస్కెట్ కవరు పాతిపెట్టి రోజూ కాసిని నీళ్లు చల్లారు. నెలా నెలన్నర తర్వాత తవ్వితే తొక్క జాడ లేదు, కవరు మాత్రం మీద బొమ్మతో సహా అలాగే ఉంది. ఇది పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తే ఎక్కే విషయం కాదు.

కాస్త పెద్ద పిల్లలకి, అంటే ఒకటి రెండు తరగతుల వాళ్లకి, కొట్టు ఆట బాగుంటుంది. ఎటూ ఆడేదే, కాకపోతే ఇది పాత సామాన్ల కొట్టు. బొమ్మ తక్కెడ, డబ్బుల కింద చింతగింజలు. పాత పేపర్లు, అట్టలు, సీసాలు, రేకు డబ్బాలు తెచ్చినవాళ్లకి గింజలొస్తాయి, చిప్స్ కవర్లు సంచెడు తెచ్చినా ఒక్క గింజ రాదు. ఎందుకు రాదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ కవరులో ప్లాస్టిక్ పొరలూ సన్నటి అల్యూమినియం పొరా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయడం చాలా కష్టం, అందుకే ఎవరూ కొనరు అని చెబితే, మెరిసేదాన్ని మాత్రం ఎందుకు కొనరో ఏడేళ్ల పిల్లలకి బాగానే అర్థమవుతుంది. రీసైక్లింగ్ అంటే ఏదో మంత్రం కాదని, కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి కుదరదని, కుదరనివాటిని అసలు కొనకుండా ఉంటేనే మేలని ఆ చింతగింజల లెక్కే చెబుతుంది.

ఇవేమీ మనకి కొత్త కావు. తాటి బుర్రలతో బండి చేసుకుని వీధులన్నీ తోలినవాళ్లం, సోడా మూతని చదును చేసి రెండు చిల్లులు పెట్టి దారం కట్టి గిర్రున తిప్పినవాళ్లం. అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో, పారేసిన వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించిన అరవింద్ గుప్తా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మల్లో చాలావాటికి నిజంగా ఇంట్లో పారేసేవే చాలు, అందుకే గ్లూ గన్ కొనిపించే ప్రాజెక్టులకీ వాటికీ పోలికే లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. పిల్లల చేత వీధిలో చెత్త ఏరించి ఫొటోలు తీయడం వద్దేవద్దు. ఆటకి వాడేవి ఇంట్లోవో కేంద్రంలోవో, కడిగి ఆరబెట్టినవే అయి ఉండాలి. బ్లేడ్లు, బ్యాటరీలు, మందు బిళ్లలు, పగిలిన గాజు, వీటిని బొమ్మల కార్డుల మీద చూపించి, ఇవి హానికరమైన చెత్త వేసే ఎర్ర బుట్టలోకి అని చెబితే చాలు. మూడేళ్ల పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి సీసా మూతల్లాంటి చిన్నవి వాళ్ల దగ్గరికి రాకూడదు. రెండోది, బండి మీద వచ్చేవాళ్లని ఇళ్లల్లో ఎలా పిలుస్తున్నామో పిల్లలూ అలాగే పిలుస్తారు. మా అంగన్‌వాడీలో బండి నడిపే అక్క ఒకసారి లోపలికొచ్చి పిల్లల అట్టపెట్టె బండి చూసి, అర మూత ఎలా తీయాలో నేర్పి వెళ్లింది. అప్పటినుంచి ఆమె వస్తే పిల్లలు గేటు దాకా పరుగెడతారు, పేరు పెట్టి అక్కా అని పిలుస్తారు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. పిల్లలు ఇంత నేర్చుకుని రెండు బుట్టలు తీసుకెళ్తే, మా ఊళ్లో చాలా వీధుల్లో బండి దగ్గర రెండూ ఒకే దాంట్లో గుమ్మరిస్తున్నారు. పనివాళ్లని ఏమనాలి, కొన్ని బళ్లలో మధ్య పలకే లేదు, ట్రిప్పులు పూర్తి చెయ్యాలన్న టెన్షన్ వాళ్లది. “మనం వేరు చేసింది కలిపేశారేంటి?” అని ఐదేళ్ల పిల్లాడు అడిగితే ఏ తల్లి ఏం చెబుతుంది? చెత్తని తడి, పొడి, హానికరం అని మూడు రకాలుగా విడదీసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. హైదరాబాద్‌లో 2015లో ఆకుపచ్చ, నీలం బుట్టలు ఇచ్చారు, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో ఎర్రదాంతో కలిపి మూడేసి ఇచ్చారు. ఎన్నో ఇళ్లల్లో అవి ఇప్పుడు నీళ్లు పట్టుకోవడానికో బియ్యం పోసుకోవడానికో ఉపయోగపడుతున్నాయి. ఇచ్చిన చెత్త విడివిడిగానే పోతుందన్న నమ్మకం లేకపోవడం కూడా అందుకు ఒక కారణమే.

కాబట్టి మున్సిపల్ కమిషనర్లకీ, రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలకీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ప్రతి అంగన్‌వాడీకీ, ప్రాథమిక పాఠశాలకీ ఊళ్లో వాడే రంగుల్లోనే చిన్న బుట్టలు, ఒక ఎరువు కుండీ ఇవ్వండి. టీచర్లకి రిజిస్టర్లూ యాప్‌లూ ఇప్పటికే తలకి మించి ఉన్నాయి, దీనికి ఇంకో ఫారం పెట్టకండి, ఫొటో అప్‌లోడ్ చెయ్యమనకండి. అంగన్‌వాడీ ఉన్న వీధులకి ముందుగా మధ్య పలక ఉన్న బళ్లనే పంపండి, తర్వాత మిగతా వీధుల సంగతి చూడొచ్చు. నెలకోసారి బండి కేంద్రం ముందు పది నిమిషాలు ఆగేలా డ్యూటీలోనే వీలు కల్పించండి, ఆ పది నిమిషాలకి ట్రిప్పులో కోత పెట్టకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా