ఖమ్మంలో సోలార్ పెడతానంటున్న బావకి

కాకినాడ,
డిసెంబరు 2025

బావా,

నువ్వు పంపిన లెక్కల కాగితం శ్రద్ధగా చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఖమ్మంలో సోలార్ వ్యాపారం మొదలుపెడతానంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. మన కాలేజీ బ్యాచ్‌లో ఈ పని చేయగలిగిన వాడెవడంటే నీ పేరే చెప్తాను. కాకినాడలో ఇదే వ్యాపారం చేస్తూ నేర్చుకున్నవి ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాను కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. డబ్బు గురించి రాసిన ముక్క ఆవిడకి తప్పకుండా తెలియాలి.

నీ కాగితంలో మెయిన్ రోడ్డు మీద షోరూమ్ అద్దె ఉంది, గ్లో సైన్ బోర్డు ఉంది, ప్రచారం ఖర్చు ఉంది, ఫోన్లు ఎత్తడానికి ఇద్దరు ఉన్నారు. ఫిట్టర్లు మాత్రం లేరు. ‘ఇన్‌స్టలేషన్: కాంట్రాక్టు, కిలోవాటుకి ఇంత’ అని ఒక్క వరుసలో తేల్చేశావు. బావా, ఆ వరుస కొట్టేసి మళ్ళీ రాయి. షోరూమ్ లేకపోయినా ఏడాది నడుస్తుంది. సొంత కుర్రాళ్ళు లేకుండా మాత్రం ఈ వ్యాపారంలోకి దిగొద్దు.

ఎందుకో చెప్తాను. కిలోవాటుకి ఇంత అని మాట్లాడుకున్న వాడికి ఎంత తొందరగా దిగి ఇంకో ఇంటికి వెళ్తే అంత లాభం. ఆ తొందర ఎక్కడ పడుతుందో తెలుసా? కంటికి కనపడని చోట్ల. సోలార్ ప్లేట్ల వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్‌ని క్రింపింగ్ టూల్‌తో నొక్కాల్సింది కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తారు. డీసీకి, ఏసీకి, పిడుగు రాడ్డుకి విడివిడిగా మూడు ఎర్తింగ్ గుంటలు తియ్యాల్సింది ఒక్కటే తీసి అన్నీ దానికే కలిపేస్తారు. స్లాబులో యాంకర్ బోల్టు దించిన చోట కెమికల్ పొయ్యరు. మీటరు బిగించిన రోజు అంతా బాగానే ఉంటుంది, ఇంటాయన ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టుకుంటాడు. రెండు వర్షాకాలాలు గడిచాక స్లాబు కారుతోందని ఒకరు, కనెక్టర్ కరిగి కమురు వాసన వస్తోందని ఒకరు ఫోన్ చేస్తారు. అప్పటికి ఆ కాంట్రాక్టు మనిషి ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు. ఇళ్ళ సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద పెట్టిన ప్రతి ఇంటికీ 5 ఏళ్ళ మెయింటెనెన్స్ మనదే. అంటే వాడు హడావిడిగా చేసిన పనికి అయిదేళ్ళ పాటు డబ్బు కట్టేది నువ్వే.

కాబట్టి ముందు నలుగురిని నెల జీతం మీద పెట్టుకో. ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్ ఒకడు, ప్లేట్లని మోసే స్ట్రక్చర్ పని తెలిసిన వెల్డర్ ఒకడు, హెల్పర్లు ఇద్దరు. సూర్యమిత్ర అని కేంద్రం నడిపే 600 గంటల ట్రైనింగ్ ఉంది, అందులో పాసైన పిల్లలు ఎవరైనా మీ చుట్టుపక్కల దొరుకుతారేమో చూడు. మూడు కిలోవాట్ల ఇంటికి ఆ నలుగురు చాలు. ఒక్కో ప్లేటు ఏడున్నర అడుగుల పొడవు, దాదాపు 28 కిలోల బరువు. రెండు వైపులా గాజు ఉన్నదైతే ఇంకా ఎక్కువ. ఇరుకు మెట్ల మీద మలుపు తిరగదు, తాళ్ళు కట్టి బయటి నుంచి లాగాలి. ఆరు ప్లేట్లు వరసగా కలిపితే ఎండలో 300 వోల్టుల దగ్గర డీసీ ఉంటుంది, ప్లేటులో పుట్టే ఆ కరెంటుని ఆపడానికి స్విచ్చు లేదు. సూర్యుడు ఉన్నంతసేపూ ప్లేటులో కరెంటు పుడుతూనే ఉంటుంది. ఆ పని చేసే కుర్రాడికి బెల్టు, బూట్లు, గ్లవ్స్, ఇన్సూరెన్సు నీ ఖర్చులో మొదటి పద్దుగా ఉండాలి. షోరూమ్ అద్దె దాని తర్వాతే.

‘వానాకాలం పని ఉండదుగా, అప్పుడు కూడా జీతం ఎలా ఇస్తావు’ అని నువ్వు అడుగుతావని తెలుసు. ఈ వ్యాపారంలో అసలు కిటుకు అదే. మేలో ఏసీల బిల్లు చూసుకుని జనం పరుగెత్తుకొస్తారు, జూన్ దాకా ఊపిరాడదు. ఆ తర్వాత వానలు, ఆషాఢం. చాలామంది కాంట్రాక్టు వాళ్ళు అప్పుడే ఇళ్ళకి వెళ్ళిపోతారు, మళ్ళీ సీజన్‌కి వేరే మనుషులు వస్తారు, వాళ్ళకి మొదటి నుంచీ నేర్పాలి. నేను ఆ నెలల్ని మిల్లులకీ, కోల్డ్ స్టోరేజీలకీ, గోడౌన్లకీ ఉంచుతాను. వాళ్ళకి సబ్సిడీ రాదు కానీ ఆదాయపు పన్నులో సోలార్ మీద 40 శాతం తరుగుదల, అంటే డిప్రిసియేషన్, ఖర్చుగా చూపించుకోవచ్చు. అయితే ఆ ఏడాది 180 రోజులైనా వాడకంలో ఉండాలి, లేకపోతే ఆ సంవత్సరానికి సగమే వస్తుంది. అంటే సెప్టెంబరు నెలాఖరుకల్లా సిస్టమ్ నడవాలి. జూన్‌లోనే వాళ్ళ ఆడిటర్ దగ్గర కూర్చుని ఈ మాట చెప్పు, ఓనరు చేత ఆడిటరే మాట్లాడిస్తాడు. వానలో ప్లేట్లు ఎక్కించకపోయినా కేబుల్ ట్రేలు, ప్యానెల్ బోర్డులు, ఎర్తింగ్ లాంటి పని బోలెడు ఉంటుంది. ఒక్కటి గుర్తు పెట్టుకో. సిమెంటు రేకుల షెడ్డు మీదకి చెక్క పలకలు పరవకుండా, తాడు కట్టకుండా ఎవరినీ ఎక్కనివ్వకు. తడిసిన రేకు కాలు పెట్టగానే విరుగుతుంది.

ఈ విషయంలో మీ ఖమ్మం మా కాకినాడ కంటే నయం. మిర్చి యార్డు, దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. గ్రానైట్ యూనిట్లు కూడా ఉన్నాయి, వాటి కటింగ్ మెషిన్లకి పగలే కరెంటు కావాలి. పగటి పూట వాడుకునేవాడికి సోలార్ కలిసొచ్చినంతగా ఇంకెవరికీ కలిసిరాదు. కానీ గ్రానైట్ ధూళి ప్లేట్ల మీద పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. క్లీనింగ్ కాంట్రాక్టు మొదటి కొటేషన్‌లోనే విడిగా రాసి చూపించు. అదీ ఉప్పు నీళ్ళతో కాకుండా మంచినీళ్ళతో, తెల్లవారుజామున కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలే గాజు మీద చల్లనీళ్ళు పొయ్యకూడదు. ఈ క్లీనింగ్ డబ్బే ఖాళీ నెలల్లో నీ కుర్రాళ్ళ జీతాల్లో కొంత భాగం మోస్తుంది.

ఇక ఇళ్ళ సంగతి. సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాక జనానికి సోలార్ గురించి చెప్పి ఒప్పించే పని తగ్గింది. ఒక కిలోవాటుకి 30,000, రెంటికి 60,000, మూడు ఆ పైన ఎంతైనా 78,000 సబ్సిడీ అని ఇప్పుడు వాళ్ళే మనకి చెప్తున్నారు. మూడు కిలోవాట్ల సిస్టమ్ రెండు లక్షల దగ్గర్లో పలుకుతోంది. రోజుకి 12 యూనిట్ల లెక్కన నెలకి 350 దాకా వస్తాయి. అంతకంటే ఎక్కువ వస్తాయని ఎవరికీ మాట ఇవ్వకు. ముఖ్యంగా మీ ఖమ్మంలో మే ఎండల్లో ఉత్పత్తి బాగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ప్లేటు సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచినది. ఆ పైన ఒక్కో డిగ్రీకి సుమారు ఒక శాతంలో మూడో వంతు తగ్గుతూ వస్తుంది. మేలో ప్లేటు వేడి 65 డిగ్రీలు దాటిందంటే ఉత్పత్తిలో ఎనిమిదో వంతు అక్కడే పోయినట్టు. ఇది ముందే చెప్పిన చోట తర్వాత గొడవ రాదు. అలాగే కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని సంతకానికి ముందే చెప్పు. స్తంభం మీద లైన్‌మ్యాన్ పని చేస్తుంటే మన ఇంట్లోంచి కరెంటు వెళ్ళి అతనికి తగలకూడదు కాబట్టి ప్లేట్ల డీసీని ఇంటి ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ దానంతట అదే ఆగుతుంది. ఈ కారణం వివరంగా చెప్తే పెద్దవాళ్ళు కూడా ‘మంచిదేనయ్యా’ అంటారు.

డాబా చూడ్డానికి నువ్వే వెళ్ళు, కనీసం మొదటి ఏడాది. దక్షిణం వైపు ఏముంది, సాయంత్రం నాలుగింటికి వాటర్ ట్యాంకు నీడ ఎక్కడ పడుతోంది, పక్కింటి కొబ్బరిచెట్టు ఇంకో మూడేళ్ళకి ఎంత పెరుగుతుంది, పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ మూడంతస్తులు లేస్తాయా, ఇవన్నీ ఆలోచించు. ఒక్క ప్లేటు మీద నీడ పడినా వరస మొత్తం మీద దెబ్బ పడుతుంది. మీటరు ఎవరి పేరు మీద ఉందో కూడా అప్పుడే అడుగు. సగం ఇళ్ళల్లో సర్వీసు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది. మీటరు పేరు, దరఖాస్తు పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవకపోతే సబ్సిడీ ఇరుక్కుంటుంది, వాళ్ళు తిట్టేది మాత్రం మనల్నే. పేరు మార్పు పని మనమే దగ్గరుండి చేయించి పెడితే ఆ ఇల్లు ఎప్పటికీ మనల్ని మర్చిపోదు.

చెల్లెమ్మ వినాల్సింది ఇక్కడి నుంచి. సబ్సిడీ ఇంటి వాళ్ళ ఖాతాలోకే పడుతుంది. ‘సబ్సిడీ తీసేసి మిగతాది కడతాం, పడ్డాక ఆ డబ్బు మీకిస్తాం’ అని చాలామంది అడుగుతారు. కొందరు అమ్మేవాళ్ళే ఆర్డరు కోసం అలా ఒప్పుకుంటున్నారు. మీరు ఒప్పుకోవద్దు. పది ఇళ్ళల్లో 78,000 చొప్పున ఆగిందంటే 7,80,000 మీ చేతుల్లో లేనట్టే, డిస్ట్రిబ్యూటర్ మాత్రం ప్లేట్లకి డబ్బు ముందే అడుగుతాడు. లోన్ కావాలన్న వాళ్ళని ప్రభుత్వ లోన్ల సైటు జన్ సమర్థ్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టించండి, బ్యాంకు మంజూరు కాగితం చూశాకే స్టాక్ దించండి. సబ్సిడీ ఇళ్ళకి డీసీఆర్ ప్లేట్లే, అంటే మన దేశంలో చేసిన సెల్స్‌తో తయారైనవే వెయ్యాలి. ధర ఎక్కువే. చవకవి వేసి కాగితాలు మాత్రం డీసీఆర్‌వి పెట్టిన వాళ్ళ గురించి ఇక్కడ విన్నాను, సీరియల్ నంబర్లు కలవక ఆ ఇంటి వాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. ఆ దారికి ఎప్పుడూ వెళ్ళొద్దు.

అన్నిటికంటే ముందు కుర్రాళ్ళ మూడు నెలల జీతం విడి ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి. మొన్న సెప్టెంబరు 3న సోలార్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గుతుందని ప్రకటించారు, అమలు 22 నుంచి. మధ్యలో ఉన్న ఆ రోజుల్లో ఎవరు కొంటారు చెప్పు? ఒక్క ఇంటి వాళ్ళు కూడా అడ్వాన్స్ ఇవ్వలేదు. తప్పు వాళ్ళది కాదు, నేనైనా ఆగేవాడినే. మా వాళ్ళందరికీ జీతాలు ఆ విడి ఖాతాలోంచే ఇచ్చాను. 22 తర్వాత ఆర్డర్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మనుషులు ఎక్కడికీ పోలేదు కాబట్టి అందుకోగలిగాం. మా ఊళ్ళో కొందరు ఆర్డర్లు ఉండి కూడా బిగించే మనుషులు లేక దసరా అంతా వెతుక్కుంటూ గడిపారు. అన్నట్టు, బిల్లులో 70 శాతం సామానుగా, 30 శాతం సర్వీసుగా చూపించాలి. జీఎస్టీ సామాను మీద 5 శాతం, సర్వీసు మీద 18. కొటేషన్‌లో మొత్తానికి 5 అని రాసేస్తే ఆ తేడా నీ జేబులోంచి పోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. మొంథా తుఫాను అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. కాకినాడ వైపే వస్తుందని ముందు రోజుల్లో చెప్తున్నారు కదా, మా కుర్రాళ్ళు నేను చెప్పకముందే లిస్టు తీసుకుని బయల్దేరారు. సముద్రం దగ్గర ఉన్న ఇళ్ళు మొదట, ఎత్తుగా స్ట్రక్చర్ లేపిన ఇళ్ళు తర్వాత. ప్రతి క్లాంపూ, బేస్ బోల్టూ మళ్ళీ బిగించారు, డాబా మీద ఎగిరే వస్తువులన్నీ కిందకి దించారు, గాలి మొదలయ్యాక ప్లేట్ల నుంచి ఇన్వర్టర్‌కి వచ్చే కరెంటుని తెంపే స్విచ్చు, డీసీ ఐసోలేటర్, ఎలా ఆపాలో ఇంట్లో ఆడవాళ్ళకి చూపించి వచ్చారు. ఏ ఇంటికి ఏ బోల్టు వేశారో వాళ్ళకి గుర్తుంది, ఎందుకంటే వేసింది వాళ్ళే. తుఫాను వెళ్ళిన వారంలో మాకు కొత్త ఆర్డర్లు వచ్చింది ఆ ఇళ్ళ పక్కిళ్ళ నుంచే. కిలోవాటుకి ఇంత అని వచ్చిన మనిషి తుఫాను ముందు రోజు నీ కోసం డాబా ఎక్కుతాడా? ఎందుకు ఎక్కాలి?

పెద్దది చేసుకోవడం గురించి కూడా అడిగావు. ఒక టీమ్‌కి నెలంతా పని నిండి, ఆర్డర్లు వెనక్కి జరుగుతున్నప్పుడే రెండో టీమ్ పెట్టు. కొత్త వాళ్ళతోనే రెండో టీమ్ వెయ్యకు. మొదటి టీమ్‌లో హెల్పర్‌ని ఎలక్ట్రీషియన్ పక్కన పెట్టి నేర్పించి, వాడిని రెండోదానికి పెద్ద చెయ్యి. నా దగ్గర తాళ్ళతో ప్లేట్లు లాగిన పిల్లవాడు ఇప్పుడు మిల్లు సైట్లు ఒంటరిగా చూస్తున్నాడు, వాడి చెల్లెలి పెళ్ళికి మేమందరం వెళ్ళాం. వాడి గురించి చెప్పుకుంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో నీకు తెలియదు. సత్తుపల్లి, వైరా అంటూ ఒకేసారి బ్రాంచీలు తెరవొద్దు. సర్వీసు కాల్ వస్తే మీ వాళ్ళు ఉదయం బయల్దేరి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రాగలిగినంత దూరమే నీ ఏరియా.

సంక్రాంతికి మీరు ఎలాగూ వస్తున్నారుగా. కనుమ మర్నాడు మనవాళ్ళు సామర్లకోట దగ్గర ఒక మిల్లులో పని మొదలుపెడతారు, పొద్దున్నే రా, వాళ్ళతో పాటు పైకి ఎక్కి చూడు. ఈలోపు కొత్త లెక్క ఒకటి వేసి పంపించు, షోరూమ్ తీసేసి జీతాల ఖాతా కలిపి. మీ కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో వెండర్ రిజిస్ట్రేషన్‌కి ఏమేం కాగితాలు అడుగుతున్నారో కనుక్కో, బ్యాంకు గ్యారంటీ సంగతి మీ మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడు, దానికి టైమ్ పడుతుంది. క్రింపింగ్ టూల్ మాత్రం కొనకు, మంచిది నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని.

పిల్లలకి ముద్దులు. అత్తయ్యగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

ఇట్లు,
నీ బావ