పిన్ గట్టిగా చెప్పమంటారా?

సంపాదకులకు,

వెనక నల్లని అయస్కాంత గీత మాత్రమే ఉన్న పాత బ్యాంకు కార్డుల బదులు చిప్ కార్డులు ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు 2018 డిసెంబరు 31తోనే ముగిసింది. అయినా మా అమ్మ చిప్ కార్డు వెనక ఆ నల్ల గీత ఇంకా ఉంది. గీతలోని వివరాలు మారవు. దొంగ పరికరంలో ఒక్కసారి గీకితే నకలు కార్డు తయారవుతుంది. చిప్ అయితే ప్రతి లావాదేవీకీ కొత్త కోడ్ పుట్టిస్తుంది.

మొన్న తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్‌లో, చిప్ పనిచేయలేదంటూ కార్డు గీకారు. పైగా పిన్ గట్టిగా చెప్పమన్నారు. పాపం, అమ్మ చెప్పేసింది! ఇంటికొచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్.

కొండకు వచ్చే యాత్రికులకూ ఇదే జరిగితే? మిషన్ కస్టమర్ చేతికే ఇవ్వాలని, పిన్ అడగకూడదని ప్రతి కౌంటర్‌లో తెలుగు, తమిళ బోర్డులను బ్యాంకులే పెట్టించాలి.

– ఒక పాఠకురాలు, తిరుపతి