మీరు డెన్సిటీ కొలిచారు, నేను అడిగింది నీళ్ల గురించి

దేవరకొండ,
సెప్టెంబరు 22.

ప్రాంతీయ మేనేజరు గారికి,
రిటైల్ అమ్మకాల విభాగం.

విషయం: ఈ నెల 9వ తేదీ ఉదయం నల్లగొండ దారిలోని మీ బంకులో నీళ్లు కలిసిన పెట్రోలు అమ్మడం, నా ఫిర్యాదును ముగించినట్టు మీరు పంపిన జవాబుపై అభ్యంతరం.

అయ్యా,

మీ జవాబు 18వ తేదీన అందింది. రెండే వాక్యాలు. బంకులో పెట్రోలు డెన్సిటీ పరిమితుల్లోనే ఉందని, ఫిల్టర్ పేపర్ పరీక్షలో కల్తీ కనబడలేదని, కాబట్టి ఫిర్యాదును ముగిస్తున్నామని రాశారు. ఆ రెండు పరీక్షలు సరిగ్గానే చేసి ఉంటారని ఒప్పుకుంటాను. కానీ నేను అడిగిన ప్రశ్నకు ఆ రెండింటిలో ఏదీ జవాబు కాదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. 9వ తేదీన నల్లగొండలో సైన్స్ ప్రదర్శన ఉంది. మా పదో తరగతి అమ్మాయిలు ముగ్గురు తమ ఊళ్లలోని బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్షించి, పటిక, సున్నంతో దాన్ని ఎలా తగ్గించవచ్చో చూపే నమూనా తయారు చేశారు. మా జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతి అది. రెండు నెలలు కష్టపడ్డారు. బస్సులో తీసుకెళ్తే గాజు సామాను పగులుతుందని నా కారులో బయలుదేరాం.

అంతకుముందు రెండు రాత్రులు జోరు వాన. బంకు ఆవరణలో చీలమండ లోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. కారు గేజీలో ముల్లు చివరి గీత మీద ఉంది. ఉదయం 7 గంటల 10 నిమిషాలకు 3,000 రూపాయల పెట్రోలు పోయించాను. రసీదు నకలు జతచేశాను. ఆరు కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్ దడదడలాడింది, తొక్కినా వేగం అందుకోలేదు, ఇంజన్ హెచ్చరిక దీపం వెలిగింది. ఆ తర్వాత నిమిషంలోపే ఆగిపోయింది. వెనక లారీలు వస్తున్నాయి. ముగ్గురు పిల్లలను దింపి, వానలో, రోడ్డు పక్క ముళ్లకంపల అంచున నిలబెట్టాను. ఆ పది నిమిషాలు నేను ఎంత భయపడ్డానో ఇక్కడ రాయలేను. వాళ్లను వాళ్ల తల్లిదండ్రులు నన్ను నమ్మి పంపారు.

ఒక ఆటో, తర్వాత ఒక బస్సు పట్టుకుని నల్లగొండ చేరేసరికి పదకొండున్నర. న్యాయనిర్ణేతలు మా వరుస దాటి వెళ్లిపోయారు. పిల్లలు ఏడవలేదు, నమూనాను అలాగే పేర్చి వచ్చిపోయేవాళ్లకు సాయంత్రందాకా చెప్పారు. దీనికి నేను పరిహారం అడగడం లేదు. దీనికి లెక్క కట్టడం నాకు చేతకాదు.

కారును లాగించి మెకానిక్ షెడ్డుకు చేర్చాను. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగిన మొదటి మాట, "ఏ బంకులో పోయించారు మేడమ్?" అని. చెప్పగానే గోడవారగా ఉన్న రెండు మోటారు సైకిళ్లను, ఒక ఆటోను చూపించారు. మూడూ ఆ ఉదయం మీ బంకులో పెట్రోలు పోయించుకున్నవే. మోటారు సైకిళ్లలో ఒకటి పాలు పోసే ఆయనది. క్యాన్లు కట్టిన బండిని రెండు కిలోమీటర్లు నెట్టుకుంటూ వచ్చారట.

ట్యాంకు దింపి అందులో ఉన్నదంతా ఒక డబ్బాలోకి తీశారు. బాగా కలియబెట్టి, దాంట్లోంచి మూడు గాజు సీసాలు నింపి, మెకానిక్ ఎదుటే మూతల మీద లక్క వేశాను. నాలుగో సీసాలోది మాత్రం మా ప్రయోగశాలలో కొలజాడీలో పోసి కదపకుండా ఉంచాను. కాసేపటికే రెండు పొరలుగా విడిపోయింది. నూరు మిల్లీలీటర్లలో అడుగు పొర ముప్పై ఒకటి. అడుగు పొరలోంచి రెండు చుక్కలు తీసి, నీరు లేకుండా వేడిచేసిన తెల్లని కాపర్ సల్ఫేట్ పొడి మీద వేస్తే అది నీలంగా మారింది. నీరు ఉందని తెలుసుకోవడానికి ఉన్నత పాఠశాల పిల్లలకు కూడా మేం నేర్పే పరీక్ష ఇది. కొలజాడీ ఫోటోలు తేదీ, సమయంతో జతచేశాను.

ఆ ముప్పై ఒక్క మిల్లీలీటర్లూ నీళ్లేనని నేను అనను. ఇప్పుడు మీరు అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. కొద్దిపాటి నీరైతే అది పెట్రోలులోనే కలిసి ఉంటుంది. ఆ కొద్దిపాటి మోతాదు దాటిందా, ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుక్కు దిగిపోతుంది. అంటే అడుగు పొర నీరూ ఇథనాలూ కలిసినది. అందులో నీటి వంతు ఎంతో తేల్చడం మీ ప్రయోగశాల పని. అయితే నీరు చేరని మంచి పెట్రోలు ఎన్నాళ్లు కదపకుండా ఉంచినా ఇలా రెండు పొరలు కాదు. పొర విడిపోవడమే సాక్ష్యం.

ఇప్పుడు మీ పరీక్షల సంగతి. ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి, ఆరిపోయాక మరక మిగిలిందా అని చూస్తారు. కిరోసిన్ వంటి బరువైన నూనెలు కలిస్తే మరక ఉంటుంది. నీటి చుక్క కూడా ఆరిపోతుంది, మరక ఉండదు. ఇక డెన్సిటీ. పెట్రోలు ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోలు ఉండాలి, నీరు 1,000 కిలోలు. బరువైనది కాబట్టి నీరు భూగర్భ ట్యాంకు అడుగునే ఉంటుంది. పైనున్న పెట్రోలును నాజిల్ ద్వారా పట్టి కొలిస్తే డెన్సిటీ సరిగ్గానే వస్తుంది. అడుగున నీరు ఉందో లేదో తెలియాలంటే కొలత కర్రకు నీటిని గుర్తించే పేస్ట్ పూసి ట్యాంకు అడుగుదాకా దింపాలి. నీరు తగిలినంత మేర పేస్ట్ రంగు మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు దానికి తగిన పేస్టే వాడాలి. ఇవన్నీ నాకన్నా మీకే బాగా తెలుసు. తెలిసీ మీ జవాబులో ఆ పేస్ట్ ప్రస్తావన ఒక్కటి కూడా లేకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

పైగా మీ అధికారి బంకుకు వచ్చింది 13వ తేదీన. 10వ తేదీనే అక్కడ కొత్త లోడు దిగింది. నాలుగు రోజుల తర్వాత, వేరే పెట్రోలును పరీక్షించి, 9వ తేదీ ఉదయం అమ్మినది మంచిదేనని ఎలా చెప్పగలిగారు?

9వ తేదీ సాయంత్రమే నేను బంకుకు వెళ్లాను. అక్కడ పనిచేసేవారిలో ఒకరు, రాత్రి వానకు ట్యాంకు మూతల దగ్గర నీళ్లు నిలిచాయనీ, తెల్లవారాక తోడేశామనీ మామూలుగా చెప్పారు. మూత కింది రబ్బరు వాషర్ అరిగిపోయి ఉంటే ఆ నీరు ఎక్కడికి దిగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వెంటనే లోపలి నుంచి మేనేజరు వచ్చి ఆ మాట అక్కడితో ఆపేశారు. ఆ మాట చెప్పిన మనిషి పేరు నాకు తెలుసు, మీకు చెప్పను. నిజం చెప్పినందుకు ఆయన జీతం పోకూడదు. రాత్రంతా వానలో నిలబడి పనిచేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఉదయం మొదటి బండికి పెట్రోలు కొట్టేముందు పేస్ట్ పూసిన కర్ర దింపాలన్న నియమాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం మీదే నా కోపం.

మా ప్రాంతంలో ఒక తరం చూడడానికి తేటగానే కనిపించినా ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగి నడుములు వంగిపోయింది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. నీళ్లు తేటగానే ఉన్నాయిగా అనేవాళ్లకు మేం పరీక్ష చేసి చూపించాలని పిల్లలకు నేర్పుతున్నాం. అదే పిల్లల ముందు, తప్పు పరీక్ష చేసి తప్పేమీ లేదని రాసిన మీ కాగితాన్ని నేను ఏమని చదివి వినిపించాలి?

నేను కోరుతున్నవి చెబుతాను. 8, 9, 10 తేదీల్లో ఆ ట్యాంకు కొలతల పుస్తకంలో నీటి కొలత అని రాసిన పేజీల నకళ్లు నాకు ఇవ్వండి. 9వ తేదీకి ముందు దిగిన లోడు నుంచి తీసి ఉంచిన నమూనాను, నా దగ్గరున్న లక్క వేసిన సీసాల్లో ఒకదాన్ని కలిపి ఒకే ప్రయోగశాలకు పంపండి. ట్యాంకర్లో వచ్చినది బాగుండి, నా సీసాలోది చెడి ఉంటే, నీరు మీ బంకులోనే చేరిందని తేలుతుంది. ట్యాంకు మూతలు, వాషర్లు, గొట్టాల అతుకులు పరీక్షించి మార్చండి. అది అయ్యేదాకా ఆ ట్యాంకు నుంచి అమ్మకం ఆపండి.

నా ఖర్చు ఇది: ట్యాంకు దింపి కడగడం, ఫ్యూయల్ పంపు మార్చడం, ఇంజెక్టర్లు శుభ్రం చేయడం, కొత్త ప్లగ్గులు కలిపి 17,860 రూపాయలు, కారు లాగించినందుకు 2,400, పారబోసిన పెట్రోలు 3,000. మొత్తం 23,260 రూపాయలు. బిల్లులు జతచేశాను.

అయితే నాకు డబ్బు పంపి ఇంతటితో ముగించవద్దు. ఆ ఉదయం అక్కడ పోయించుకున్నవాళ్లలో చాలామంది ఫోను ద్వారా చెల్లించారు. ఆ వివరాలు బంకు దగ్గరే ఉన్నాయి. వాళ్లందరికీ కబురు చేయండి, బండి చెడిన ప్రతి ఒక్కరికీ మరమ్మతు ఖర్చు ఇవ్వండి. పాలు పోసే ఆయనకు ఫిర్యాదు ఎలా రాయాలో తెలియదు. ఆటో నడిపే అబ్బాయి రెండు రోజుల కిరాయి పోగొట్టుకున్నాడు. తన బండిలోనే ఏదో లోపం ఉందనుకుని ఇంటికి నెట్టుకుపోయినవాళ్లు ఇంకెందరో.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు కావాలి. రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. అందుకు రెండేళ్ల గడువు ఉంది, ఈ మొత్తానికి రుసుము కూడా లేదు. ఆటో అబ్బాయి, పాలాయన నాతోపాటు సంతకం చేయడానికి ఒప్పుకున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఇప్పటికే నమోదు చేశాను.

సీసాలు మూడూ మా ప్రయోగశాలలో, తాళం వేసిన రసాయనాల బీరువాలో, పిల్లల చేతికి అందకుండా ఉన్నాయి. మీ మనిషి వచ్చినప్పుడు ఒకటి ఆయన ఎదుటే అప్పగిస్తాను, మిగిలిన రెండూ నా దగ్గరే ఉంటాయి. పని దినాల్లో సాయంత్రం నాలుగున్నర తర్వాత రమ్మనండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
భౌతిక, రసాయన శాస్త్రాల ఉపాధ్యాయురాలు,
దేవరకొండ.

జతచేసినవి: పెట్రోలు రసీదు, మరమ్మతు బిల్లులు, కారు లాగించిన రసీదు, కొలజాడీ ఫోటోలు నాలుగు, మెకానిక్ సంతకం చేసిన వాంగ్మూలం, మీ జవాబు నకలు.