నా లైసెన్సులోని ఆంధ్రప్రదేశ్ ఏది? కేంద్ర హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. విభజనకు ముందు ఇచ్చిన నా తుపాకీ లైసెన్సు ఇప్పుడు తెలంగాణలో చెల్లుతుందా లేదా అన్న విషయమై మీ శాఖకు రెండుసార్లు రిజిస్టర్డు పోస్టులో, మా జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీల రోజున నాలుగుసార్లు విన్నవించుకున్నాను. పోస్టాఫీసు రసీదులు, అర్జీ అందినట్లు ఫోనుకు వచ్చిన సందేశాలు తప్ప నాకు మరే జవాబూ అందలేదు. ఆ సందేశాల్లో ఒకటి నా సమస్య పరిష్కారమైపోయిందని కూడా చెప్పింది. ఎలా పరిష్కారమైందో తెలుసుకుందామని వెళ్తే, సంబంధిత శాఖకు పంపడమే పరిష్కారమని అక్కడి గుమాస్తా గారు ఎంతో ఓపికగా బోధపరిచారు.

నేను సైన్యంలో హవల్దారుగా పనిచేసి 2001లో పదవీ విరమణ చేసినవాణ్ని. ఊరికి దూరంగా తోటలో కాపురం కాబట్టి 2004లో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఇచ్చారు. అది ఎంతమేర చెల్లుతుందో రాసే గడిలో 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం' అని రాసి ముద్ర వేశారు. అప్పట్లో ఆ మాటలో హైదరాబాదు కూడా ఉండేది. 2014 జూన్ 2 తర్వాత ఆ సిరా మారలేదు, ముద్ర చెరగలేదు, రాష్ట్రం మాత్రం రెండయింది. 2016లో, 2019లో, 2022లో రెన్యువలు చేశారు, ఫీజు తీసుకున్నారు, యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఇచ్చి మీ జాతీయ డేటాబేసులో ఎక్కించారు, కానీ ఆ గడి జోలికి ఎవరూ పోలేదు. చట్టప్రకారం 2024 జూన్ 2 వరకు హైదరాబాదు మాకూ రాజధానే. నా తుపాకీకి మాత్రం ఆ పదేళ్లూ అది పరాయి ఊరే!

నిరుడు వేసవిలో తుపాకీ ఫైరింగ్ పిన్ విరిగింది. బాగుచేయడానికి లైసెన్సున్న డీలరు మా దగ్గర లేడు, తెలిసినాయన హైదరాబాదులో ఉన్నాడు. ఊళ్లో కమ్మరి చేత చేయించుకుంటే అతనూ నేనూ ఇద్దరం నేరస్థులమవుతాం. అందుకని పద్ధతిగా ప్రయాణ అనుమతికి దరఖాస్తు పెట్టాను. పోలీసు నివేదిక, సంతకాలు, మళ్లీ ఒక నివేదిక, ఇలా మూడు నెలలు నడిచాక కాగితం చేతికొచ్చింది. చూస్తే గడువు ఇంకా రెండు రోజులే ఉంది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి అల్లుడి కారులో బయలుదేరాం. గొట్టాలు వేరు, మడమ వేరు చేసి, గుడ్డ చుట్టి, కాన్వాసు సంచిలో పెట్టి, తాడుతో కట్టి డిక్కీలో ఉంచాను. పది తూటాలు విడిగా స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి మూతకు టేపు వేశాను. లైసెన్సు అసలు, నకలు, అనుమతి పత్రం, డీలరు చిరునామా అన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. రాష్ట్ర సరిహద్దు దాటిన కాసేపటికి తనిఖీ దగ్గర కారు ఆపారు. అడగకముందే డిక్కీలో తుపాకీ ఉందని నేనే చెప్పాను. టిఫిను డబ్బా మూత తీసిన కానిస్టేబులు అబ్బాయి పులిహోర అనుకున్నాడేమో, ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "పెద్దాయనా, ఇది ఆంధ్రా కాగితం, ఇక్కడ చెల్లుతుందో లేదో నేను చెప్పలేను" అన్నాడు. పైవాళ్లకు ఫోను చేస్తే వాళ్లు ఇంకా పైవాళ్లను అడగమన్నారు. ఒకరు తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉండాలన్నారు, ఒకరు అసలు కారులోనే తేకూడదన్నారు, ఇంకొకరు తెలంగాణ అనుమతి కూడా విడిగా ఉండాలన్నారు. ఏ మాటకూ ఆధారమైన కాగితం ఎవరూ చూపలేదు. ఆరు గంటల తర్వాత, కేసు రాయడం తనకూ ఇష్టం లేదనీ, వెనక్కి వెళ్లిపొమ్మనీ చెప్పాడు. వెళ్లాం. మర్నాటితో అనుమతి గడువు తీరింది.

తర్వాత మా ఊరి తనిఖీలో తుపాకీ చూసిన సిబ్బంది 'పనిచేయుట లేదు' అని రాసుకుని, పనిచేయని ఆయుధం ఎందుకు ఉంచుకున్నావో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇచ్చాను. దానికీ రసీదు ఉంది.

టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ కథ విని, అమెరికా మొత్తానికీ వర్తించేలా 1986లో చేసిన కేంద్ర చట్టం ఒకటి చెప్పాడు. బయలుదేరే చోట, చేరే చోట తుపాకీ ఉంచుకునే హక్కు మీకుంటే, తూటాలు తీసేసి, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్నవాళ్ల చేతికి అందని చోట పెట్టుకుని మధ్య రాష్ట్రాల మీదుగా కారులో వెళ్లవచ్చట. డిక్కీ లేని బండిలోనైతే తాళం వేసిన పెట్టె ఉండాలట, డ్యాష్‌బోర్డు అర పనికిరాదట. ఆ చట్టం ఉండగానే న్యూయార్క్ లాంటి చోట్ల అరెస్టులూ జరిగాయని అతనే ఒప్పుకున్నాడు. వాళ్ల తుపాకుల సంత మనకు వద్దు, ఆ మాట ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. అయితే, ఎలా పట్టుకెళ్లాలో ముందుగా రాసి పెట్టడం నేర్చుకోదగిన సంగతే కదా.

ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అంశం. ఆయుధ చట్టం మీది, 2016 నిబంధనలు మీవి, డేటాబేసు కూడా మీదే. అలాంటప్పుడు రాష్ట్రం గీత దగ్గర నా లైసెన్సు ఎందుకు మూగబోవాలి? విభజనకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సులు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. అది కుదరకపోతే, ఒక రాష్ట్రం ఇచ్చిన ప్రయాణ అనుమతిని రెండో రాష్ట్రం గౌరవించాలనైనా చెప్పండి. అదీ కుదరకపోతే, కారులో తుపాకీ ఎలా తీసుకెళ్లాలో ఒక పేజీ తెలుగులో అచ్చువేసి తనిఖీ కేంద్రాలకు పంపండి. ఏదో ఒకటి చేయండి, చేయలేమంటే చేయలేమనైనా రాయండి.

తుపాకీ ముక్కలు ఇంకా ఆ కాన్వాసు సంచిలోనే ఉన్నాయి. నా లైసెన్సు గడువు 2027 దాకా ఉంది. ఈలోగా మీ దగ్గర్నుంచి జవాబు వస్తే అల్లుడిని మళ్లీ కారు అడుగుతాను.

ఇట్లు,
మీ విధేయుడు,
రాయలసీమకు చెందిన ఒక మాజీ హవల్దారు