ఇంటి నుంచి పని: అనుమతి అడిగే ముందు

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. వారంలో రెండు మూడు రోజులు నల్లగొండ నుంచే పనిచేసేందుకు అనుమతి కోరదలచినవారు, హైదరాబాద్‌కు ఉన్న సుమారు 100 కిలోమీటర్ల దూరాన్నే కారణంగా చూపకుండా, తమ పనిలో ఏ భాగం ఆఫీసుకు రాకున్నా ఆగదో మేనేజర్‌కు రాతపూర్వకంగా వివరించాలని నా సూచన. దూరం మన కష్టమే తప్ప కంపెనీది కాదు కదా. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా అందులో రాయండి.

ప్రసూతి సెలవులో ఉన్న సోదరీమణులు ఒక విషయం గమనించగలరు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవుతో పాటు, పని స్వభావం అనుమతిస్తే ఆ తర్వాత ఇంటి నుంచి పనిచేసే వీలును కూడా కల్పించింది. అయితే అది హక్కు కాదు, యజమానితో పరస్పర అంగీకారంపై ఆధారపడిన వెసులుబాటు మాత్రమే. నోటిమాటగా దొరికిన అనుమతి మేనేజర్ మారితే నిలవదు కనుక, ఈమెయిల్‌లోనే తీసుకోవలసిందిగా మనవి.