మీ దగ్గరున్న కాగితాన్నే మళ్లీ మమ్మల్ని అడగకండి

చిన్న పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. కొత్త మెషీన్‌కి సబ్సిడీ కోసం దరఖాస్తు పెట్టి పడ్డ తిప్పలు నా ఒక్కడివే కావు గనకే ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను.

పని ముగించి రాత్రి పదకొండింటికి పోర్టల్ తెరిచి కూర్చునేవాణ్ణి. రిజిస్ట్రేషన్ నంబరు మూడు చోట్ల కొట్టాలి, బ్యాంకు ఖాతా రెండు చోట్ల. ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్‌ని స్కాన్ చేసి మళ్లీ ప్రభుత్వానికే పంపాలి. ఫైలు సైజు కాస్త పెరిగితే తీసుకోదు, తగ్గిస్తే అక్షరాలు కనబడవు. ఆరు వారాలకు జవాబొచ్చింది: 'వివరాలు సరిపోలలేదు, తిరస్కరించడమైనది.' ఏ వివరమో చెప్పలేదు, ఎవరిని అడగాలో లేదు. తిరగ్గా తిరగ్గా తేలిందేమిటంటే, మా సంస్థ పేరులోని 'అండ్' ఒక సర్టిఫికెట్‌లో అక్షరాల్లో ఉంది, ఇంకోదాంట్లో గుర్తుగా ఉంది. ఒక్క ఫోన్‌తో తేలిపోయే సంగతి. ఈలోగా గడువు దాటిపోయింది.

పెద్ద కంపెనీలకు ఈ పనికి వేరే మనుషులుంటారు. మా దగ్గర మెషీన్ నడిపేదీ, బిల్లు రాసేదీ, దరఖాస్తు నింపేదీ ఒక్కరే. కన్సల్టెంటును పెట్టుకుంటే వచ్చేదాంట్లో వాటా అతనికి పోతుంది. పైగా చాలా పథకాల్లో ముందు మేం ఖర్చు పెట్టాలి, డబ్బు తర్వాత వస్తుంది. చేతిలో అంత ఉంటే సాయం ఎందుకు అడుగుతాం?

యూరప్‌లోని చిన్న దేశం ఎస్టోనియా 2001లోనే ఎక్స్-రోడ్ అనే వ్యవస్థతో శాఖల డేటాబేసులను కలపడం మొదలుపెట్టింది. ఒక శాఖ దగ్గరున్న సమాచారాన్నే సేకరించడానికి ఇంకో శాఖ వేరే డేటాబేసు పెట్టకూడదని అక్కడ చట్టమే ఉంది. కావలసింది శాఖలే ఒకదాన్నొకటి అడిగి తీసుకుంటాయి.

సులభం చేస్తే దొంగలు పడతారని మీ అధికారులు అనవచ్చు. ఆ భయం ఉత్తిది కాదు. కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాల కోసం 2020 మే 4న బ్రిటన్ మొదలుపెట్టిన బౌన్స్ బ్యాక్ రుణాలను చిన్న ఫారంతో 50,000 పౌండ్ల వరకూ ఇచ్చారు. తర్వాత మోసాలు చాలా బయటపడ్డాయి. అయితే ఒకే సంస్థ రెండు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టిందా అని చూసే తనిఖీ అక్కడ దాదాపు నెల తర్వాత గానీ రాలేదు. దొంగను పట్టేది అలాంటి తనిఖీ. నేను పంపే మసక స్కాన్ కాపీ ఎవరినీ పట్టదు.

అందుకే అడుగుతున్నాను. రిజిస్ట్రేషన్ నంబరు కొడితే మిగతా వివరాలు మీ రికార్డుల నుంచే ఫారంలోకి రావాలి. మేం సరిచూసి ఒప్పుకుంటాం. దరఖాస్తు తిప్పి పంపితే ఏ గడిలో ఏం తప్పుందో రాయండి, దిద్దుకోవడానికి పదిహేను రోజులివ్వండి, ఆ ఫైలు చూసిన అధికారి ఫోన్ నంబరు కింద పెట్టండి. వీటిలో ఆ చివరి మాట రేపటినుంచే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త పోర్టల్ కూడా అక్కర్లేదు.

వచ్చే విడతలో మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను. ఈసారి 'అండ్' రెండు చోట్లా ఒకేలా ఉంది.

ఇట్లు,
ఒక చిన్న యూనిట్ యజమాని